ఫ్యామిలీ కోర్టులో వకీలు: చట్టం వద్దంది, అవసరం రమ్మంది

1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టంలో 13వ సెక్షను మొదటిసారి చదివినవారు ఆశ్చర్యపోతారు. ఈ కోర్టులో కేసు వేసినవారికి గానీ, ఎదుర్కొంటున్నవారికి గానీ వకీలును పెట్టుకోవడం హక్కు కాదని ఆ సెక్షను చెబుతుంది. న్యాయం కోసం అవసరమని తోస్తే కోర్టే ఒక న్యాయవాదిని తనకు సహాయకుడిగా పిలుచుకోవచ్చు. హత్య కేసులో ముద్దాయికి వకీలు హక్కు. గట్టు తగాదాలో రైతుకూ వకీలు ఉంటాడు. కాపురం చెదిరి, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో తేలక కోర్టు మెట్లెక్కిన మనిషికి మాత్రం ఆ హక్కు లేదు.

అయినా హైదరాబాద్ పురానీ హవేలీలోనో, విజయవాడలోనో, విశాఖలోనో ఫ్యామిలీ కోర్టు వరండాలో ఒక పూట నిలబడి చూడండి. వకాలత్ లేకుండా కదిలే కేసు అరుదు. అనుమతి కోరుతూ ఒక చిన్న పిటిషన్ వేస్తారు, న్యాయమూర్తి సరేనంటారు, అక్కణ్ణుంచి కేసంతా వకీళ్ళ చేతుల్లోనే నడుస్తుంది. వకీళ్ళు జొరబడితే ఇంటి తగాదా పెద్దదవుతుందని చట్టం రాసినవాళ్ళు భయపడ్డారు. ఆ భయంలో నిజముంది. కానీ వకీలును గడప బయట నిలబెట్టినంత మాత్రాన ఆ భయం తీరలేదు. ఈ పనికి తగ్గ వకీలును తయారుచేసుకోవాల్సింది. నలభై ఏళ్ళు దాటినా మనం ఆ పనికి పూనుకోలేదు.

ఈ కోర్టుల ఆలోచన వెనుక ఒక తెలుగు వకీలు ఉన్నారన్న సంగతి మన న్యాయవాదుల్లోనే చాలామందికి తెలియదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ బంధం నుంచి తనంతట తాను బయటికి వచ్చారు. లా చదివి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు చేశారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1953లో చైనా వెళ్ళినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి, మనకూ అలాంటివి కావాలని బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కర్‌లతోనూ, ప్రధాని నెహ్రూతోనూ చర్చించారు. 1974లో లా కమిషన్ తన 59వ నివేదికలో కుటుంబ వ్యాజ్యాలను మామూలు సివిల్ దావాల్లా నడపకూడదని గట్టిగా చెప్పింది. చట్టం వచ్చేసరికి 1984 అయింది. దుర్గాబాయి 1981లోనే కన్నుమూశారు.

కాగితం మీద ఆ చట్టం మంచి చట్టమే. పది లక్షలు దాటిన ప్రతి నగరంలో ఈ కోర్టు ఉండాలంది. ముందు రాజీకి ప్రయత్నించాలంది. కౌన్సెలర్లు ఉండాలని, సంక్షేమ సంస్థల సాయం తీసుకోవచ్చని, సాక్ష్యాల చట్టంలోని బిగింపులు సడలించవచ్చని చెప్పింది. సాక్షి చెప్పిందంతా పొల్లుపోకుండా రాయనక్కర్లేదు, సారాంశం చాలునంది. అప్పీలుకు ముప్పై రోజుల గడువు పెట్టింది. భార్యాభర్తలు జడ్జి ఎదుట కూర్చుని తమ మాటల్లో తమ గోడు చెప్పుకుంటారు, జడ్జి వింటారు, కౌన్సెలర్ సర్దిచెబుతారు అన్నది అందులోని ఊహ.

ఆ ఊహ ఇద్దరినీ సమానులనుకుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. భర్త కంపెనీలో ఉద్యోగి అనుకోండి. కోర్టు గదిలో వకీలు లేకపోయినా, బయట వకీలు రాసిచ్చిన కాగితం చేతిలో పట్టుకునే వస్తాడు. భార్య పదో తరగతితో చదువు ఆపి, పుట్టింటి నుంచి బస్సెక్కి వచ్చిన మనిషి. తన స్త్రీధనం ఏమిటో, మధ్యంతర మనోవర్తి అడగవచ్చో లేదో చెప్పే దిక్కు ఆమెకు ఉండదు. ఇద్దరికీ వకీలు వద్దంటే అసలు నష్టం ఎవరికో వేరే చెప్పాలా? కౌన్సెలింగ్ కూడా చాలాచోట్ల ఒకటి రెండు వాయిదాల తంతుగా మిగిలింది. అందులో ‘సర్దుకుపోమ్మా’ అన్న మాట ఎక్కువగా ఒకవైపే వినిపిస్తుంది. అందుకే న్యాయమూర్తులు ఉదారంగా వకీళ్ళకు అనుమతి ఇస్తున్నారు. వాళ్ళు చేస్తున్నది సరైన పనే.

వకీలు వచ్చాక ఏం చేస్తున్నాడు అన్నది అసలు ప్రశ్న. ఫ్యామిలీ కేసులో సగం భవితవ్యం మొదటి రోజు టైపు చేసే పిటిషన్‌లోనే తేలిపోతుందని నా నమ్మకం. ఒక గృహిణి ఆఫీసుకు వచ్చి తన బాధ చెప్పుకుందనుకుందాం. ఆమె ఎదుట నాలుగైదు దారులున్నాయి. హిందూ వివాహ చట్టం కింద విడాకులో, విడిగా ఉండేందుకు డిక్రీయో కోరవచ్చు. 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం కింద రక్షణ, ఉండటానికి ఇల్లు, డబ్బు అడగవచ్చు. పాత 125 సెక్షను, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 144 కింద మనోవర్తి అడగవచ్చు. పాత 498ఎ, ఇప్పటి న్యాయ సంహిత 85 కింద పోలీసు కేసు పెట్టవచ్చు. మంచి వకీలు ముందు ఆమెకు కావలసింది ఏమిటో తెలుసుకుంటాడు. తిరిగి కాపురమా, పిల్లల ఫీజులా, తలదాచుకునే చోటా, పూర్తిగా తెగతెంపులా? దాన్నిబట్టి దారి ఎంచుతాడు. ఇప్పుడు ఎక్కువగా జరిగేది అన్నీ ఒకేసారి వేసేయడం. అన్నీ వేస్తే దిగివస్తాడన్నది లెక్క. అవతలివాడు దిగిరాడు, తనూ నాలుగు వేస్తాడు. ఎనిమిది కేసుల్లో ఎనిమిది వాయిదాలు, ఇరువైపులా ముసలి తల్లిదండ్రుల ఆయాసం, మధ్యలో ఒక పిల్లవాడు.

ఇక ఆ పిటిషన్‌లో వాడే మాటలు. తెలుగునాట ఈ పిటిషన్లు చాలావరకు ఇంగ్లీషులోనే టైపవుతాయి. అఫిడవిట్ చివర మాత్రం తెలుగులో చదివి వినిపించగా అర్థం చేసుకుని సంతకం చేశానన్న వాక్యం ఉంటుంది. నిజంగా చదివి వినిపించినవి ఎన్ని? సంతకం చేసిన మనిషికి తన పేరు మీద ఎదుటివారి శీలం గురించి ఏం రాశారో క్రాస్ ఎగ్జామినేషన్‌లో బోనెక్కేదాకా తెలియని సందర్భాలు ఉన్నాయి. దీని ఫలితం మామూలుగా ఉండదు. రాతపూర్వక జవాబులో ఆధారం లేకుండా జీవిత భాగస్వామి మీద చేసే నిందలే మానసిక క్రూరత్వం అవుతాయని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. 2003లో ఇంకో అడుగు ముందుకు వేసింది. భార్య శీలం మీద కౌంటర్‌లో నింద వేసిన భర్త తర్వాత సవరణ పెట్టి ఆ మాటలు తీసేసుకున్నా, ఆమెకు తగిలిన గాయం పోదని, అది విడాకులకు తగిన కారణమేనని తేల్చింది. ఆవేశంలో క్లయింటు అన్న మాటను అలాగే టైపు చేయించిన వకీలు తన క్లయింటు కేసును తానే ఓడించాడన్నమాట.

ఈ విషయంలో బార్ కౌన్సిల్ నియమం చాలా స్పష్టంగా ఉంది. న్యాయవాది తనను కేవలం క్లయింటు నోరుగా భావించుకోకూడదని, పిటిషన్లలో నీచమైన దూషణలు రానివ్వకూడదని, అక్రమ పద్ధతులకే పట్టుబట్టే క్లయింటు కేసును వదులుకోవాలని చెబుతుంది. ఏ కోర్టుకైనా వర్తించే నియమమే. ఫ్యామిలీ కోర్టులో మాత్రం దీన్ని గోడకు తగిలించాలి. ఎందుకంటే ఇక్కడి రికార్డును పదిహేనేళ్ళ తర్వాత ఆ ఇంటి పిల్లలు తీసి చదువుతారు.

ఈ మధ్య ఫోన్లు వచ్చి పడ్డాయి. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన సంభాషణలను విడాకుల కేసులో సాక్ష్యంగా చూడవచ్చని సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పు చెప్పింది. అప్పటినుంచి ‘ఏమైనా రికార్డింగులు ఉన్నాయా?’ అని అడగడం వకీళ్ళకు మామూలైపోతుందేమోనని నా భయం. కోర్టు అనుమతించింది కదా అని ప్రతి ఇంట్లో ప్రతి మాటా రికార్డు చేయమని సలహా ఇవ్వడం ఆ ఇంటిని బతికుండగానే కోర్టు బోనుగా మార్చడమే. ఉన్న సాక్ష్యాన్ని వాడటం వేరు, సాక్ష్యం కోసం సంసారం చేయించడం వేరు. ఆ తేడా వకీలు తెలుసుకోవాలి.

డబ్బు దగ్గరికొస్తే 2020 నవంబరు 4న వచ్చిన రజనీష్ వర్సెస్ నేహా తీర్పు ఈ వృత్తి తీరునే మార్చాల్సింది. ఆ కేసులో ఒక తల్లి, చిన్న కొడుకు 2013లో అడిగిన మధ్యంతర మనోవర్తి ఏడేళ్ళపాటు కోర్టుల చుట్టూ తిరిగింది. ఇకపై ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయాలతో అఫిడవిట్ ఇవ్వాల్సిందేనని, మనోవర్తి అర్జీ పెట్టిన నాటి నుంచే ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. అఫిడవిట్ నమూనా కూడా తీర్పుకే జతచేసింది. జీతం, అద్దె, ఈఎంఐలు, ఇన్సూరెన్స్, బంగారం, వాహనం, పొలం, పిల్లల స్కూలు ఫీజు, తల్లిదండ్రుల మందుల ఖర్చు దాకా అన్నిటికీ అందులో గడులున్నాయి.

ఆ గడులు నింపడంలోనే వకీలు పనితనం తెలుస్తుంది. భర్త వైపు కౌంటర్‌లో ‘నాకు ఆదాయం లేదు, తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉన్నాను’ అన్న వాక్యం పాతకాలం నుంచీ వస్తూనే ఉంది. దాన్ని ఊరికే ఖండిస్తే లాభం లేదు. పొలం ఉంటే పాసుపుస్తకం నకలు, ఇల్లు ఉంటే ఈసీ, ఉద్యోగం ఉంటే యజమాని నుంచి జీతం సర్టిఫికెట్ తెప్పించమని పిటిషన్, వ్యాపారం ఉంటే జీఎస్టీ వివరాలు. ఇవి తెచ్చిపెట్టే వకీలు కోర్టు హాల్లో గొంతు చించుకోనక్కర్లేదు. భార్య వైపు వకీలుకూ ఇదే కొలత. ఆమె టైలరింగ్ చేసి నెలకు ఆరు వేలు సంపాదిస్తుంటే ఆ సంగతి దాచమని సలహా ఇవ్వడం చేతకానితనం. క్రాస్‌లో అది బయటపడిన రోజున ఆమె చెప్పిన మిగతా నిజాలు కూడా పోతాయి.

మనోవర్తి అడగ్గానే భర్త తరఫున కాపురానికి రమ్మంటూ హిందూ వివాహ చట్టం 9వ సెక్షను పిటిషన్ వేయించడం ఇంకో పాత ఎత్తు. ఆ సెక్షనునే 1983లో నటి సరిత కేసులో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ.చౌదరి కొట్టేశారు. ఇష్టం లేని మనిషిని డిక్రీతో పడకగదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమన్నారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు వేరే కేసులో సెక్షనును నిలబెట్టింది. అది నేటికీ ఉంది. అయితే కాపురానికి రమ్మన్న డిక్రీని భార్య పాటించనంత మాత్రాన మనోవర్తి పోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చడంతో ఆ ఎత్తుకు పదును చాలావరకు పోయింది.

ఆర్డరు చేతికి రావడంతో పని అయిపోయిందనుకునే వకీళ్ళంటే నాకు కోపం. మనోవర్తి చెల్లించకపోతే వారంటు అడిగే హక్కుకు ఒక గడువుంది. బాకీ పడిన నాటి నుంచి ఏడాది లోపు అర్జీ పెట్టుకోవాలి. నెలకు పది వేల ఆర్డరు పట్టుకుని, ఇవాళ ఇస్తాడు రేపు ఇస్తాడు అని మూడేళ్ళు ఎదురుచూసిన తల్లికి మూడు లక్షల అరవై వేలు రావాలి. ఆ దారిలో ఆమె రాబట్టుకోగలిగేది చివరి పన్నెండు నెలల లక్షా ఇరవై వేలు మాత్రమే. మిగతాదానికి వేరే దారిలో మళ్ళీ పోరాడాలి. ఆర్డరు వచ్చిన రోజున ‘అమ్మా, పదినెలలు దాటనివ్వకు, నా దగ్గరికి రా’ అని ఒక్క మాట చెప్పి, డైరీలో రాసుకునే వకీలు ఉంటే ఈ నష్టం ఉండదు. ఆ ఒక్క మాట ఎంతో గొప్ప వాదనకంటే విలువైనది.

పిల్లల విషయానికొస్తే చట్టం రెండే మాటలు చెబుతుంది. అయిదేళ్ళలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలి, అన్నిటికంటే బిడ్డ మేలు ముఖ్యం. మిగతాదంతా వకీలు డ్రాఫ్టు చేసే షరతుల్లో ఉంటుంది. మనకు కనిపించే ఆర్డర్లు చాలావరకు ఇలా ఉంటాయి: రెండు, నాలుగు శనివారాలు ఉదయం పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా తండ్రి బిడ్డను చూడవచ్చు. చదవడానికి స్పష్టంగానే ఉంది. కానీ బిడ్డను ఎవరు తేవాలి, ఎవరు తిరిగి దింపాలి? నాయనమ్మ వెంట రావచ్చా? రెండో శనివారం పరీక్ష పడితే ఆ రోజు పోయినట్టేనా? దసరా, సంక్రాంతి సెలవులు ఎవరివి? మధ్య రోజుల్లో ఫోన్ చేయవచ్చా? పాస్‌పోర్టు ఎవరి దగ్గర? వీటిలో ఒక్కదానికీ ఆ వాక్యంలో జవాబు లేదు. జవాబు లేని ప్రతి ప్రశ్నా ఆర్నెల్లలో ఒక మధ్యంతర అర్జీ (ఐఏ) అయి తిరిగి కోర్టుకొస్తుంది. ఈ వివరాలన్నీ ముందే కూర్చుని రాసుకున్న జంటలు మళ్ళీ కోర్టు మొహం చూసే అవసరం తగ్గుతుంది. ఇందుకు ఇద్దరు వకీళ్ళు ఒక గంట ఒక బల్ల దగ్గర కూర్చుంటే చాలు.

అమెరికా తెలుగువారు పెరిగిన కొద్దీ ఈ ప్రాక్టీసులో కొత్త శాఖ పుట్టింది. దానికి మూలస్తంభం లాంటి తీర్పు ఒక తెలుగు జంటదే. 1975లో తిరుపతిలో పెళ్ళయింది, మూడేళ్ళకు విడిపోయారు. భర్త మిస్సోరి రాష్ట్రంలో తొంభై రోజుల నివాసం చూపించి అక్కడి కోర్టులో విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మరో పెళ్ళి చేసుకున్నారు. మొదటి భార్య క్రిమినల్ కేసు పెట్టారు. హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద, భార్య ఆ కోర్టుకు లోబడకుండానే ఇచ్చిన విదేశీ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ డిక్రీ జిరాక్సు కాపీ సాక్ష్యంగా పనికిరాదన్న సంగతి కూడా అందులో ఉంది. ఇవాళ గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఒక అమ్మాయికి టెక్సాస్ కోర్టు నుంచి నోటీసు వస్తే, మొదటి వారంలో వకీలు ఇచ్చే సలహాయే కీలకం. అక్కడి అధికార పరిధిని ప్రశ్నిస్తూ హాజరవడం ఒకటి, కేసు మంచిచెడ్డల మీద జవాబు వేసి ఆ కోర్టుకు లోబడటం మరొకటి. రెండోది చేశాక ఇక్కడికొచ్చి డిక్రీ చెల్లదనడం కష్టం. పిల్లల్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చిన కేసుల్లో చిక్కు ఇంకా ఎక్కువ. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు కాబట్టి, ప్రతి కేసునూ మన కోర్టులు బిడ్డ మేలు అన్న కొలతతో విడివిడిగా చూస్తాయి.

రాజీ వైపు చూస్తే బయటి దేశాల్లో వకీళ్ళే ముందడుగు వేశారు. మిన్నెసోటాలో స్టూవర్ట్ వెబ్ అనే ఫ్యామిలీ లాయరు కోర్టు కొట్లాటలతో విసిగిపోయి, 1990 నుంచి తాను విడాకుల కేసులు కోర్టులో వాదించనని, ఇరువైపులా కూర్చుని తేల్చుకునే కేసులే చూస్తానని ప్రకటించారు. రాజీ కుదరకపోతే వకీళ్ళిద్దరూ తప్పుకోవాలన్నది ఆయన పెట్టిన షరతు. కేసు సాగితే ఫీజు పెరుగుతుందన్న ఆశకు అక్కడే తాళం పడింది. మన దగ్గర పరస్పర అంగీకారంతో విడాకులకు 1976 నుంచీ దారి ఉంది. ఆర్నెల్ల గడువును తగిన కేసుల్లో మాఫీ చేయవచ్చని 2017లో, కోలుకోలేనంతగా చెదిరిన వివాహాన్ని తానే రద్దు చేయగలనని 2023 మే 1న సుప్రీంకోర్టు చెప్పింది. ఉమ్మడి రాష్ట్రం 2003లోనే 498ఎ కేసుల్లో కోర్టు అనుమతితో రాజీకి వీలు కల్పించింది, మూడు నెలలు ఆలోచించుకునే వ్యవధితో. రాజీకి దారులు మన దగ్గర తక్కువేమీ లేవు. స్టూవర్ట్ వెబ్ లాంటి నిర్ణయం తీసుకున్న వకీళ్ళే తక్కువ.

అయితే రాజీని ఆకాశానికెత్తడం కూడా నాకు ఇష్టం లేదు. దెబ్బలు తిన్న మనిషిని రాజీకి కూర్చోబెట్టడం న్యాయం కాదు. ఈ సంగతి అందరికంటే బాగా తెలిసిన వకీలు ముంబైలో ఉన్నారు. ఫ్లేవియా ఆగ్నెస్ ఏళ్ళ తరబడి భర్త చేతిలో హింస అనుభవించి, ఆ ఇంటి నుంచి బయటికొచ్చాక లా చదివారు. 1988లో ప్రాక్టీసు మొదలుపెట్టి, తర్వాత మజ్లిస్ అనే సంస్థను మరొకరితో కలిసి స్థాపించారు. కొత్త చట్టాలు తెచ్చుకోవడం కంటే, ఉన్న చట్టాలను కింది కోర్టుల్లో మామూలు స్త్రీ కోసం రోజూ వాడటం, ఇల్లు, డబ్బు, పిల్లలు అనే హక్కులు సాధించడం ముఖ్యమన్నది ఆమె పనిలో కనిపించే పట్టుదల. పెద్ద తీర్పుల వెనుక పరుగెత్తే మన న్యాయవాద లోకంలో ఈ తరహా వృత్తి జీవితానికి రావాల్సిన గౌరవం రాలేదు.

రాకపోవడానికి డబ్బూ ఒక కారణమే. బార్ అసోసియేషన్లలో ఫ్యామిలీ కేసులంటే చిన్నచూపు. ఆడపిల్లలు జూనియర్లుగా చేరితే ‘ఫ్యామిలీ చూసుకోండి’ అని అటు నెట్టేయడం ఉంది. జూనియర్లకు నగరాల్లో నెలకు 20,000, గ్రామాల్లో 15,000 రూపాయలైనా ఇవ్వాలని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సిఫారసు చేసింది గానీ, అది సిఫారసే. ఇక క్లయింటుకు వచ్చే భరణంలో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం నియమాల ప్రకారం నిషిద్ధం. అది తెలియక ఒప్పుకునే ఆడవాళ్ళు ఉన్నారు. ఒప్పించేవాళ్ళూ ఉన్నారు. లా కాలేజీలు కుటుంబ చట్టాన్ని రెండు పేపర్లుగా చెప్పి ఊరుకుంటాయి. ఏడుస్తున్న మనిషి మాట ఎలా వినాలో, అఫిడవిట్ ఎలా నింపాలో, బిడ్డ షరతులు ఎలా రాయాలో నేర్పే తరగతి కావాలి. రెండు రాష్ట్రాల బార్ కౌన్సిళ్ళు, న్యాయసేవాధికార సంస్థలు కలిసి దీన్ని మొదలుపెట్టాలి. ఫ్యామిలీ కోర్టులో అనుమతి కోరే ప్రతి వకీలుకూ ఆ శిక్షణ తప్పనిసరి చేస్తే, 13వ సెక్షను అలాగే ఉన్నా దానికొక అర్థం వస్తుంది.

అంతవరకు కోర్టుకు వెళ్ళాల్సిన వారికి కొన్ని మాటలు. మీ పేరు మీద వేసే ప్రతి కాగితాన్నీ సంతకానికి ముందు తెలుగులో చదివించుకోండి. అర్థం కానిచోట ఆపి అడగండి. ప్రతిదానికీ ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఫీజు మొత్తం ఎంతో ముందే తేల్చుకోండి, రసీదు అడగండి. మీకు కావలసింది ఏమిటో అడగకుండానే నాలుగు కేసులు వేద్దామనే వకీలు దగ్గర ఆగిపోకండి. ఫీజు ఇచ్చుకోలేమని వెనక్కి తగ్గకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇవ్వాలి. అందుకు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.